గద్ద తలకు యాభై సెంట్లు

1885 జూన్ 23న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. డేగను గానీ గుడ్లగూబను గానీ చంపి, తల తెచ్చి చూపిస్తే 50 సెంట్లు ఇస్తారు. వీజిల్, మింక్ అనే జంతువులకూ అదే ధర. ఈ రెండూ మన ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండి, చిన్న సందు దొరికినా కోళ్లగూట్లో దూరిపోతాయి. తెచ్చినవాడి చేత ప్రమాణం చేయించి కాగితం రాసిచ్చే మేజిస్ట్రేటుకో నోటరీకో తలకు మరో 20 సెంట్లు. రైతుల కోళ్లను కాపాడటానికే ఇదంతా. జనం నోట దీనికి ‘స్కాల్ప్ యాక్ట్’ అనే పేరు స్థిరపడింది.

ఏడాదిన్నర తిరిగేసరికి దాదాపు 90,000 డాలర్ల ప్రజల సొమ్ము ఖర్చయిపోయింది. ఏ తల ఏ పక్షిదో పోల్చుకోలేని ఉద్యోగులు కోడి జోలికే పోని పక్షుల తలలకూ డబ్బులిచ్చి పంపారు.

అప్పుడు క్లింటన్ హార్ట్ మెరియం అనే శాస్త్రవేత్త కాగితం, కలం ముందేసుకుని కూర్చున్నారు. పక్షులూ జంతువులూ రైతుకు చేసే మేలెంత, కీడెంత అని తేల్చడానికి అమెరికా వ్యవసాయ శాఖ కొత్తగా పెట్టిన విభాగానికి ఆయన అధిపతి. 1886 నివేదికలో ఆయన వేసిన లెక్క ఇది. పెన్సిల్వేనియాలో డేగలు, గుడ్లగూబలు ఏటా 5,000 కోళ్లను చంపుతాయనుకుందాం. ఒక్కో కోడి ఖరీదు 25 సెంట్లు. పోయేవాటిలో చాలావరకు చిన్న పిల్లలే కాబట్టి అది ఎక్కువ ధరే. అలా చూసినా నష్టం ఏడాదికి 1,250 డాలర్లు, ఏడాదిన్నరకు 1,875 డాలర్లు. ఆ 1,875 డాలర్లు కాపాడటానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు 90,000 డాలర్లు.

ఆయన అక్కడితో ఆగలేదు. తలకు 70 సెంట్ల చొప్పున 90,000 డాలర్లంటే 1,28,571 ప్రాణాలు. ఒక్కో డేగ, ఒక్కో గుడ్లగూబ ఏడాదిలో తక్కువలో తక్కువ వెయ్యి ఎలుకలనో, వాటికి సాటివచ్చేన్ని పురుగులనో తింటుంది. ఒక్కో ఎలుక వల్ల రైతుకు ఏడాదికి 2 సెంట్లు నష్టం. అంటే బతికున్న డేగ విలువ ఏడాదికి 20 డాలర్లు, ఏడాదిన్నరకు 30. దాన్ని 1,28,571తో గుణిస్తే 38,57,130 డాలర్లు. బహుమతుల సొమ్మును కూడా ఇందులో కలిపి, మిగుల్చుకున్న ఒక్కో డాలరుకూ రాష్ట్రం 2,105 డాలర్లు పారబోసుకుందని మెరియం తేల్చారు. 1887లో ఆ చట్టం రద్దయింది.

ఈ అంకెల్లో అంచనాలే ఎక్కువ. ఎలుకకు రెండు సెంట్లన్నది ఎవరూ తూకం వేసి చెప్పిన మాట కాదు. అయినా ఆ లెక్క రెండు మంచి ప్రశ్నలను ముందుకు తెచ్చింది. కోడిని పట్టిన జంతువు, కోళ్లు కాక ఇంకేం తింటోంది? దాన్ని చంపేస్తే మిగతా కోళ్లు నిజంగా దక్కుతాయా?

కడుపులో ఏముంది

మొదటి ప్రశ్నకు జవాబు వెతికే పని మెరియం విభాగంలోనే ఉన్న ఆల్బర్ట్ కెన్రిక్ ఫిషర్ మీద పడింది. దేశం నలుమూలల నుంచి సేకరించిన డేగల, గుడ్లగూబల కడుపులు విప్పి చూడాలి. అరిగీ అరగని ఎముక ముక్క, ఒక పంటి వరస, నాలుగు ఈకలు, మిడత కాలు. వీటిని బట్టి ఆ పక్షి చివరిసారిగా ఏం తిన్నదో చెప్పాలి. అలా దాదాపు 2,700 కడుపులు పరీక్షించి 1893లో ఆయన పుస్తకం వెలువరించారు.

ఆ పుస్తకంలోని రెండు పక్షులను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదటిది ఎర్రతోక డేగ. అమెరికా రైతులు దాన్ని ‘కోళ్ల డేగ’ అనే పిలిచేవారు. ఫిషర్ చూసిన 562 ఎర్రతోక డేగల్లో 89 కడుపులు ఖాళీ. 278 కడుపుల్లో చిట్టెలుకలు, 131 కడుపుల్లో ఇతర చిన్న జంతువులు ఉన్నాయి. కోడి గానీ వేటపక్షి గానీ దొరికింది 54 కడుపుల్లోనే. రెండోది కూపర్ డేగ. 133 కడుపులు చూస్తే 39 ఖాళీగా ఉన్నాయి, 34 కడుపుల్లో కోళ్లో వేటపక్షులో ఉన్నాయి. మేత దొరికిన కడుపులను మాత్రమే తీసుకుంటే ఎర్రతోక డేగల్లో తొమ్మిదింట ఒకదానిలో, కూపర్ డేగల్లో మూడింట ఒకదానిలో కోడి లేదా వేటపక్షి ఆనవాలు ఉందన్నమాట.

ఇందులో జరిగిన అన్యాయం చూడండి. కూపర్ డేగ చిన్నది, చురుకైనది. చెట్ల చాటున దాగి, రెప్పపాటులో వచ్చి కోడిపిల్లను పట్టుకుని మాయమవుతుంది. రైతు తుపాకీ తీసుకుని బయటికి వచ్చేసరికి అది ఉండదు. ఎర్రతోక డేగ పెద్దది. ఆకాశంలో నిదానంగా గుండ్రాలు తిరుగుతూ, పొలం మధ్య ఎండుచెట్టు కొమ్మన కూర్చుని అందరికీ కనబడుతుంది. తప్పు ఒకరిది, తుపాకీ గుండు మరొకరికి.

గుడ్లగూబ విషయంలో అయితే దాన్ని చంపకుండానే కడుపు లెక్క చూడొచ్చు. అది ఎలుకను నమలకుండా మింగుతుంది. అరగని బొచ్చూ ఎముకలూ ఉండకట్టి నోటి నుంచి కక్కేస్తుంది. పాత గుడి గోపురం కిందో, పాడుబడ్డ మిద్దె మూలనో వెతికితే బొటనవేలంత నల్లటి ఉండలు కనబడతాయి. ఒకదాన్ని నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పితే బూడిదరంగు బొచ్చు పోగులుగా విడిపోతుంది. దాని మధ్య నుంచి గోరంత పుర్రెలు బయటపడతాయి. ముందుపళ్లు రెండూ పొడుగ్గా, నారింజరంగులో ఉంటే అది ఎలుక జాతి జీవిదే. ఒక్కో ఉండలో ఇలాంటివి రెండో మూడో దొరకడం మామూలే.

ఎలుకలను తినే గుడ్లగూబ విలువ గుర్తించి ఇజ్రాయెల్‌లోని స్దె ఎలియాహు అనే వ్యవసాయ సమష్టి గ్రామం 1983లో పొలాల గట్ల మీద గుడ్లగూబల కోసం పెట్టెలు కట్టడం మొదలుపెట్టింది. అది దేశవ్యాప్త కార్యక్రమంగా ఎదిగింది. తర్వాత జోర్డాన్, పాలస్తీనా రైతులు కూడా కలిశారు. గోదావరి డెల్టాలో వరి దుబ్బులను ఎలుక కొరికేస్తుంటే నిస్సహాయంగా చూసిన రైతుకు ఆ పెట్టెల విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే ఎలుక, అదే పందికొక్కు రాత్రిపూట కోళ్లగూట్లోకి దూరి గుడ్లనూ, చిన్న పిల్లలనూ ఎత్తుకుపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాటిని తినే గుడ్లగూబను చంపడం కోళ్లకు కూడా చేటే.

తన్నుకుపోయింది ఎవరు?

‘గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది’ అన్న మాట వినకుండా తెలుగు పల్లెలో ఎవరూ పెరగరు. పిల్లల కోడి పెరట్లో కెలుకుతూ ఉంటుంది. నేల మీద ఒక నీడ జారుతుంది. తల్లి తల ఒక పక్కకు వాల్చి, ఒంటి కంటితో ఆకాశం చూసి సన్నగా, సాగదీసి ఒక కూత కూస్తుంది. అంతే, పిల్లలన్నీ రెక్కల కిందికో, గడ్డివాము అంచుకో చేరిపోతాయి. వీధికుక్క వస్తే కూత వేరు. తెగ్గొట్టినట్టు గట్టిగా ‘కొక్ కొక్’మని మొదలై చివర్న పెద్ద అరుపు అవుతుంది.

ఈ తేడా మన చెవికి మాత్రమే తోచేది కాదు. క్రిస్టఫర్ ఎవాన్స్, లిండా ఎవాన్స్, పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో చేసి 1993లో ప్రచురించిన ప్రయోగాల్లో పుంజులకు టీవీ తెరల మీద శత్రువుల బొమ్మలు చూపించారు. తలపైన తెర మీద డేగ ఆకారం ఎగిరితే పుంజులు ఆకాశ శత్రువు కూత కూశాయి. రకూన్ అనే నేలజంతువు కనబడితే నేల శత్రువు కూత వేశాయి. ఆ కూతలను రికార్డు చేసి, ఏ శత్రువూ లేనిచోట పెట్టలకు వినిపించారు. మొదటి కూతకు పెట్టలు చాటుకు పరుగెత్తాయి, ఒదిగి కూర్చుని పైకి చూశాయి. రెండో కూతకు మెడ నిక్కించి నిటారుగా నిలబడి చుట్టూ చూశాయి. వచ్చేది ఎటునుంచో ఆ కూతలోనే ఉందన్నమాట.

కోడికి తెలిసినంత స్పష్టంగా మనిషికి తెలియదు. ఇంటివాళ్లు చూసేది చాలాసార్లు తెల్లవారిన తర్వాత మిగిలిన ఆనవాళ్లనే. అవే సాక్ష్యం. పగటిపూట ఆరుబయట ఈకలు ఒకచోట కుప్పగా రాలి, రొమ్ము మాంసం మాత్రమే పోయి ఉంటే అది డేగ పని. రాత్రి తల, మెడ పోయి మొండెం మిగిలితే గుడ్లగూబ మీద అనుమానం. కోడి మొత్తంగా మాయమై నాలుగు ఈకలే దారి పొడవునా పడి ఉంటే అడవిపిల్లో నక్కో మోసుకుపోయి ఉండాలి. మెడ మీద కాటు పడి రెండు మూడు కోళ్లు గూట్లోనే పడి ఉంటే ముంగిస లాంటి సన్న జంతువు. గుడ్లు, చిన్న పిల్లలు ఏ ఆనవాలూ లేకుండా పోతే పాము. ఒళ్లంతా చీరుకుపోయి, తినకుండా వదిలేసిన కోళ్లు ఇక్కడొకటి అక్కడొకటి పడి ఉంటే ఊరకుక్క. ఈ గుర్తులు ఒక్కోసారి కలగలిసి మోసం చేస్తాయి. అందుకే అనుభవం ఉన్నవారు గూటి చుట్టూ మట్టి చదును చేసి, సన్న ఇసుక చల్లి, మర్నాడు అడుగుజాడ చూసి గానీ ఒక మాట అనరు.

అవసరానికి మించిన చావు

గూట్లో ఇరవై కోళ్లుంటే ఇరవైనీ చంపి, ఒక్కదాన్ని మాత్రమే ఎత్తుకుపోయిన నక్కను చూసి మనిషికి వచ్చే కోపం మామూలుది కాదు. పగబట్టి చంపిందనిపిస్తుంది. దీన్ని జాగ్రత్తగా పరిశీలించినవారు డచ్ జంతుశాస్త్రవేత్త హాన్స్ క్రూక్. ఇంగ్లండు తీరంలో రావెన్‌గ్లాస్ దగ్గర నల్లతల గల్ పక్షులు వేలల్లో నేల మీద గూళ్లు పెట్టేవి. చిమ్మచీకటి రాత్రుల్లో ఆ పక్షులు ఎగరకుండా నేలకు అతుక్కుని ఉండిపోయేవి. ఎర్రనక్క వాటి మధ్య తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి కొరికి చంపి, చాలావాటిని ముట్టకుండానే వదిలేసేది. 1972లో ప్రచురించిన వ్యాసంలో క్రూక్ ఈ ప్రవర్తన మూలాన్ని వివరించారు.

వేటజంతువులో వెతకడం, పట్టడం, చంపడం, తినడం అనేవి విడివిడి పనులు. కడుపు నిండితే వెతకడం, తినడం తగ్గుతాయి గానీ, కళ్లముందు ఎర రెక్కలు కొట్టుకుంటూ ఉంటే పట్టి చంపే ప్రేరణ ఆగదు. అడవిలో మామూలుగా దీనివల్ల ఇబ్బంది లేదు. ఒకటి దొరికేలోపు మిగతావన్నీ పారిపోతాయి కాబట్టి వేట అక్కడితో ముగుస్తుంది. గూట్లో ఉన్న కోడి పారిపోలేదు. నాలుగు గోడల మధ్య గోల చేస్తూనే ఉంటుంది. ఆ గోల ఆగేదాకా నక్క కూడా ఆగదు. లోపం నక్క బుద్ధిలో లేదు. కోళ్లు బయటికి పోలేకుండా, నక్క మాత్రం లోపలికి రాగలిగేలా కట్టిన గూట్లో ఉంది.

ఖాళీ అయిన జాగా

ఇక రెండో ప్రశ్న. దొంగను చంపేస్తే దొంగతనం ఆగుతుందా?

2001లో బ్రిటన్‌లో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలింది. వ్యాధి పాకకుండా ఉండటానికి, వేటకుక్కల దండులతో సాగే నక్కల వేటను దాదాపు ఏడాదిపాటు ఆపేశారు. వేట లేకపోతే నక్కలు విపరీతంగా పెరిగిపోతాయని అప్పటిదాకా వేట సమర్థకుల వాదన. ఫిలిప్ బేకర్, స్టీఫెన్ హ్యారిస్, షార్లెట్ వెబన్ అనే పరిశోధకులు దేశమంతటా 160 చదరాల్లో, ఒక్కో చదరం ఒక చదరపు కిలోమీటరు చొప్పున, నక్కల మలం లెక్కించి, వేట ఆపకముందూ ఆపిన తర్వాతా పోల్చారు. నక్కల సంఖ్యలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. ఫ్రాన్స్‌లో నక్కలను ఏరివేస్తున్న గ్రామీణ ప్రాంతాల్లో చేసి 2015లో ప్రచురించిన మరో అధ్యయనం, చంపినవాటి లోటును చుట్టుపక్కల నుంచి వలస వచ్చినవి చాలావరకు పూడ్చేస్తున్నాయని చూపింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. స్థిరపడిన ప్రతి నక్కకూ ఒక ఇలాకా ఉంటుంది. అందులోకి వేరే నక్కను రానివ్వదు. ప్రతి ఏటా పుట్టి పెద్దయిన కుర్ర నక్కలు ఇలాకా దొరక్క అంచుల్లో తిరుగుతుంటాయి. ఒక పెద్దనక్క చనిపోతే ఆ జాగా రోజుల్లోనో వారాల్లోనో నిండిపోతుంది. కోళ్లగూటి సందు అలాగే ఉంటే కొత్తది కూడా దాన్నే కనిపెడుతుంది.

అయితే చంపడం ఎక్కడా పనిచేయదని చెప్పడం కూడా సరికాదు. కొత్తగా వలస రాలేని దీవిలో, బయటినుంచి మనిషి తెచ్చి వదిలిన జంతువు విషయంలో లెక్క మారిపోతుంది. కుందేళ్లను అదుపు చేయడానికి 1880ల్లో న్యూజిలాండ్‌కు తెచ్చిన స్టోట్, ఫెరెట్ లాంటి వీజిల్ జాతి జంతువులు ఎగరలేని కివీ పక్షులను తినేశాయి. ఆ దేశం 2016లో వాటినీ, ఎలుకలనూ 2050 నాటికి పూర్తిగా తొలగించాలని లక్ష్యం పెట్టుకుంది. మన ముంగిసకూ ఇలాంటి కథ ఉంది. 1872లో జమైకాలోని చెరకు తోటల యజమాని బాంక్రాఫ్ట్ ఎస్ప్యూట్ కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించి తోటలో వదిలారు. కొన్నేళ్లు ఎలుకలు తగ్గాయి. తర్వాత ముంగిసలు నేల మీద గూళ్లు పెట్టే పక్షులనూ రైతుల కోళ్లనూ పట్టసాగాయి. కలకత్తా పరిసరాల్లో కొండచిలువ నుంచి గద్ద దాకా అందరి మధ్యా బతికిన జీవి, తనను అదుపుచేసే శత్రువు లేని దీవిలో వేరే జంతువులా మారిపోయింది.

కొండ మీద కాపలా

తలల చట్టం పోయినా ఆ ఆలోచన పెన్సిల్వేనియాను వదల్లేదు. 1929లో అక్కడి వేట శాఖ గోషాక్ అనే పెద్ద డేగ తలకు 5 డాలర్లు ప్రకటించింది. ఏటా శరదృతువులో ఉత్తరం నుంచి దక్షిణానికి వలసపోయే డేగలు కిట్టాటినీ కొండవరస మీదుగా, గాలి ఎత్తుకెళ్లే దారిలో వరసగా వెళ్తాయి. ఆ కొండ అంచున జనం తుపాకులతో కూర్చుని, గోషాక్ ఏదో మరో డేగ ఏదో చూడకుండా వందల్లో పడగొట్టేవారు. 1932లో రిచర్డ్ పఫ్ అనే పక్షి ప్రేమికుడు అక్కడికి వెళ్లి, చచ్చిన డేగలను ఏరి అడవి నేల మీద వరసలుగా పేర్చి ఫొటోలు తీశారు.

ఆ ఫొటోలు చూసి కదిలినవారు న్యూయార్కులో ఉండే రోజలీ ఎడ్జ్. 1934లో ఆమె ఆ కొండ మీద 1,400 ఎకరాలు కౌలుకు తీసుకుని, మారిస్ బ్రౌన్, ఆయన భార్య ఇర్మాలను కాపలా పెట్టారు. వేట ఆగిపోయింది. తుపాకులు పేలిన చోటే బ్రౌన్ కూర్చుని ఏటా వెళ్లే డేగలను లెక్కించడం మొదలుపెట్టారు. పాతికేళ్ల తర్వాత రేచల్ కార్సన్ అనే రచయిత్రి డీడీటీ అనే పురుగుమందు వల్ల పక్షులు నశిస్తున్నాయని వాదించడానికి ఆ లెక్కలనే వాడుకున్నారు. గుంపులో వయసు తక్కువ బట్టతల గద్దలు తగ్గిపోతున్నాయంటే అవి పిల్లలను పెంచలేకపోతున్నాయని అర్థం. 1972లో అమెరికా చట్టం దేశమంతటా డేగలకూ గుడ్లగూబలకూ రక్షణ కల్పించింది.

అదే 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కోళ్ల జోలికి వచ్చేవాటిలో గద్ద, డేగ, గుడ్లగూబ, ముంగిస, నక్క, అడవిపిల్లి, ఉడుము, జెర్రిపోతు అన్నీ ఈ చట్టం కింద రక్షణ ఉన్నవే. అయినా ఉచ్చులు పెడుతూనే ఉన్నారు. చచ్చిన కోడికి పురుగుమందు పట్టించి గూటి దగ్గర పడేయడం మరీ ప్రమాదం. విషానికి దొంగెవరో తెలియదు. ఆ కోడిని తిన్న నక్క చస్తుంది, నక్క కళేబరాన్ని ముట్టిన గద్దలూ కుక్కలూ చస్తాయి. కంచెకు నేరుగా కరెంటు తీగ తగిలిస్తే రాత్రిపూట పొలానికి వెళ్లే మనిషే చచ్చిపోతాడు. ఇలాంటి చావుల వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చినా ఆ తీగలు ఆగడం లేదంటే బాధ కలుగుతుంది.

మరి రైతు ఏం చేయాలి?

ఇంటి పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఆడమనిషికి ఒక పెట్ట పోవడమంటే సంతకు వెళ్లే రోజున చేతికి రావాల్సిన డబ్బు పోవడమే. ఆమెకు డేగల మేలు గురించి ఉపన్యాసం చాలదు. కోళ్లు దక్కాలి. అందుకు దారులున్నాయి, వాటిలో చాలావరకు పాతవే.

మొదటిది రాత్రి మూసే గూడు. నక్క, అడవిపిల్లి, గుడ్లగూబ, పందికొక్కు, ఇవన్నీ ప్రధానంగా రాత్రి తిరిగేవి. గోడ పక్కన ఇటుకలతో కట్టి బండతో మూసే గూడు, నేల మీద బోర్లించి పైన బరువు పెట్టే గంప, నాలుగు కాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టిన చెక్కగూడు, అన్నీ ఈ ఒక్క సూత్రం మీదే పుట్టాయి. కొత్తగా వచ్చిన వలల విషయంలోనే జనం పొరపాటు పడుతున్నారు. బజార్లో దొరికే ఆరుకోణాల పలుచని తీగవల కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గానీ, ముంగిసనూ పామునూ ఆపలేదు. అర అంగుళం కన్నం ఉన్న వెల్డింగు జాలీ వేయాలి. తవ్వి లోపలికి వచ్చేవాటి కోసం ఆ జాలీని గోడ దగ్గర ఆపేయకుండా, బయటి వైపు నేల మీద ఒక అడుగు మేర పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే గోళ్లు పెడుతుంది, అక్కడ దానికి తీగే తగులుతుంది.

రెండోది పిల్లల వయసు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. వీటికి రంగురంగుల ఈకలుండటం అందానికే కాదు. తెల్లకోడి పచ్చగడ్డి మీద ఎంత దూరం నుంచైనా గద్ద కంట పడుతుంది, గోధుమ నలుపు కలిసిన కోడి నేలలో కలిసిపోతుంది. పిల్లలను తొలి వారాలు వెచ్చని మూసిన చోట పెంచి, కాస్త ఒళ్లు వచ్చాక బయట వదలమని చెప్పడంలోనూ అదే జాగ్రత్త. గద్ద తన్నుకుపోయేది పిల్లనే గాని, ఎదిగిన పెట్టను మోసుకుపోవడం దానికి సాధ్యం కాదు. పెరట్లో గుబురు పొదలు, ఒక పందిరి ఉంటే తల్లి కూతకు పిల్లలు పరుగెత్తడానికి చోటు దొరుకుతుంది.

మూడోది బెదిరింపు. మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మ, ప్లాస్టిక్ గుడ్లగూబ. ఇవి కొన్ని రోజులే పనిచేస్తాయి. 1930ల్లో కాన్రాడ్ లోరెంజ్, నీకో టిన్‌బర్గెన్ పొట్టిమెడ, పొడవు తోక ఉన్న నల్ల అట్టబొమ్మను ఎగరేస్తే పక్షులు భయపడతాయనీ, అదే బొమ్మను తిరగేసి ఎగరేస్తే పెద్దబాతులా కనబడి భయపడవనీ గమనించారు. తర్వాత వుల్ఫ్‌గాంగ్ ష్లైట్ టర్కీ కోడిపిల్లల మీద పరీక్షించి, ఆకారం కంటే కొత్తదనమే ముఖ్యమని తేల్చారు. తరచూ చూసే ఆకారం ఏదైనా దానికి పక్షులు అలవాటుపడిపోతాయి. డేగలకూ అంతే. కాబట్టి దిష్టిబొమ్మను రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి, వేషం మార్చాలి, కొన్నాళ్లు తీసేయాలి.

నాలుగోది కాపలా కుక్క. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ తీరాన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. నీళ్లు తగ్గినప్పుడు నక్కలు నడిచి దాటి అక్కడి చిన్న పెంగ్విన్లను చంపేవి. ఒకప్పుడు వందల్లో ఉన్న పెంగ్విన్లు 2005 నాటికి పదికి లోపు పడిపోయాయి. అప్పుడు స్వాంపీ మార్ష్ అనే స్థానిక కోళ్ల రైతు ఒక ఉపాయం చెప్పారు. తన కోళ్లను నక్కల నుంచి కాపాడేది ఇటలీ జాతి మరెమ్మా కుక్కలు, వాటినే దీవి మీద పెట్టమన్నారు. 2006లో కుక్కలను పెట్టాక పెంగ్విన్లు మళ్లీ పెరిగి వంద దాటాయి. 2017లో సముద్రం కల్లోలంగా ఉండి కుక్కలను దీవికి తీసుకెళ్లలేకపోయిన రోజుల్లో నక్కలు వచ్చి నూటికి పైగా పెంగ్విన్లను చంపేశాయి. హాన్స్ క్రూక్ వర్ణించిన దృశ్యమే మళ్లీ. కుక్క కాపలా ఉన్నన్నాళ్లు పెంగ్విన్లు దక్కాయి.

కొన్ని చోట్ల ఇవేవీ చాలవు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని బ్లఫ్టన్‌లో వైట్ ఓక్ పాశ్చర్స్ అనే పొలంలో వేలకొద్దీ కోళ్లను ఆరుబయట పచ్చికలో వదిలి పెంచుతారు. డీడీటీ దెబ్బ నుంచి తేరుకున్న బట్టతల గద్దలు ఆ సంగతి కనిపెట్టాయి. కొన్ని శీతకాలాల్లో డెబ్బైకి పైగా గద్దలు వచ్చి అక్కడే మకాం వేశాయి. వందల ఎకరాలకు వల కప్పలేరు, చట్టం వాటిని ముట్టనివ్వదు. రక్షిత జంతువు వల్ల పోయిన పశుపక్ష్యాదులకు ఇచ్చే ప్రభుత్వ పరిహారమే అక్కడ దిక్కు. పులి పశువును చంపితే మన అటవీశాఖ పరిహారం ఇస్తుంది. అడవి అంచు పల్లెల్లో నక్కో అడవిపిల్లో కోళ్లను ఊడ్చేసినప్పుడు ఆ ఇంటి ఆడమనిషికి కూడా గూడు కట్టుకోవడానికి జాలీ, కట్టె అందించడం గ్రామానికి పెద్ద ఖర్చు కాదు. తుపాకీకీ విషానికీ పెట్టే డబ్బు అటు మళ్లితే చాలు.

పొద్దు వాలేసరికి తెలుగు పల్లెలో కోళ్లు వాటంతట అవే గూటికి చేరతాయి. ఇంటావిడ గూటి ముందు కూర్చుని లెక్క పెట్టుకుంటుంది. రెండు పెట్టలు, ఒక పుంజు, ఏడు పిల్లలు. ఇటుక సందులో చెయ్యి పెట్టి చూసి, ఊడిన మట్టి మెత్తుతుంది. బండ ఎత్తి మూసి, దాని మీద మరో రాయి పెడుతుంది. తాటిచెట్టు మీద నుంచి గుడ్లగూబ ఒకటి చప్పుడు లేకుండా లేచి, పెరడు దాటి, కోతకొచ్చిన వరి పొలం వైపు వెళ్తుంది.